డొంగా దొరికింది

సోనేపూర్,
కార్తీక శుద్ధ ద్వాదశి.

చిరంజీవి ఈశ్వర్‌కు అమ్మ ఆశీర్వదించి రాసేది.

మేమిద్దరం కులాసా. నువ్వూ కోడలు కీర్తీ కొచ్చిలో కులాసాగానే ఉన్నారనుకుంటాను. ఇంతవరకూ రాసి ఆపేస్తే మీ నాన్నకి ఎంతో హాయి. "కులాసా అని రాసీయే, మిగతాది ఆడికెందుకు?" అని నేను బరంపురంలో బస్సెక్కేముందు కూడా చెప్పారు. ఆ మిగతాదే రాద్దామని కూర్చున్నాను.

ఫోన్లో ఎందుకు చెప్పవంటావు. ఫోన్లో నువ్వు "అమ్మా, ఒక్క నిమిషం నా మాట విను" అంటావు. నేను వింటాను, విన్నాక సరే అనేస్తాను. ఆ మధ్య అలాగే అనేశాను. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు, నేను అనుకున్నది అనుకున్నట్టు చివరిదాకా చెప్పగలను.

చిన్నమ్మి నీకు గుర్తుందా, నీ చిన్నప్పుడు మనింటికి పీతలు తెచ్చేది? వాళ్లింటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా కత్తిపీట తెచ్చి పెట్టింది. అయినా నేనే కుదురుగా లేను. నాలుగు వాక్యాలు రాయడం, లేచి రేవు దాకా వెళ్లడం, చూసి రావడం. ఎందుకో తర్వాత చెబుతాను. రిటైరైన దగ్గర్నించీ నా కాళ్లు ఇంతే. బళ్లో ఉన్నన్నాళ్లూ గంట కొడితే ఒక క్లాసునుంచి ఇంకో క్లాసుకి నడిచిన కాళ్లు కదా. ఇప్పుడు గంట లేదు, నడవాలన్న తహతహ మాత్రం ఉంది. వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరుగుతుంటే మీ నాన్న పేపరు దించి చూసి, మళ్లీ ఎత్తేస్తారు.

సరే, నీ ప్రశ్నలు. మొదటిది, ఆ దొంగ ఎవరని అడిగావు. అమ్మ చికిటిలో ఒక దొంగని చూడ్డానికి వారం వారం వెళ్తోందని మీ సాయిపద్మత్త నీకు చెప్పిందట. నవ్వాలో ఏడవాలో తెలీలేదురా.

జరిగింది ఇది. చికిటి రైసుమిల్లు వైకుంఠరావు నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడే. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పిలిస్తే వెళ్లాను. భోజనాలయ్యాక కాళ్లు ఊరుకోక మిల్లు వెనక్కి నడిస్తే పాత షెడ్డు. లోపల ఊక బస్తాల కింద అది! ముందు ముక్కు కనిపించింది, తర్వాత ఒంపు. ఇంత పడవ ఊరి మధ్య మిల్లులో ఏం చేస్తోందని అడిగాను. గోపాల్‌పూర్ రేవు మూతపడ్డ రోజుల్లో ఎవరో దొర వదిలేసి పోతే వాళ్ల తాత బళ్ల మీద తెప్పించాడట. చాలా ఏళ్లు ధాన్యం దాచారట అందులో. ఇప్పుడు షెడ్డు పడగొడుతున్నారు, పడవని కోయించి మంచాలు చేయిస్తాడట. "రంగూన్ టేకు దిదీ, వదులుకుంటామా" అన్నాడు. ఇక్కడ ఆడ టీచర్లందరం దిదీలమే కదా, మనవాళ్ల పిల్లలకి కూడా.

ఇంటికొచ్చి ఉండబట్టలేక కుటుంబం గ్రూపులో పెట్టాను. టైపు చేసే ఓపిక లేక ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంది. నేనన్నది: "చికిటిలో డొంగా దొరికింది. మిల్లు షెడ్డులో ఉంది. రేపు కోసేస్తారట." పడవ అనొచ్చు కదా అంటావు. బరంపురంలో పుట్టి పెరిగిన నోరు, ఒడియా మాటే ముందొస్తుంది. ఆ ఫోనుకి ఒడియా రాదు. డొంగాని దొంగ చేసింది. దొరికింది, ఉంది అని ఉంది కాబట్టి మనవాళ్లందరూ ఆడదొంగ అనుకున్నారు. ఆడదొంగ దొరికింది, షెడ్డులో కట్టేశారు, రేపు కోసేస్తారు! సాయిపద్మత్త అల్లుడు పోలీసు. ఆవిడ ఏడుస్తూ అతనికి చెప్పింది, అతను అక్కడివాళ్లకి చెప్పాడు.

మర్నాడు వైకుంఠరావు ఫోను. "దిదీ, పోలీసులొచ్చి ఆడమనిషినెక్కడ దాసావంటారు. నేనేటి సెప్పను? మా ఇంట్లో ఆడమనిషంటే మా యావిడే, ఒంటింట్లో ఉందన్నాను. కోసేస్తానన్నావట కదా అంటారు. అప్పటికి గుమ్మంలో ఇద్దరు కూకుని రంపానికి సాన పడతన్నారు!" ఆటో కట్టించుకుని వెళ్లి, నా మెసేజీ చూపించి, డొంగా, దొంగ అని పిల్లలకి చెప్పినట్టు విడివిడిగా చెప్పాను. పోలీసాయన నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. అప్పటికి ఊరంతా వచ్చేసింది. ఆడదొంగని చూద్దామని వచ్చినవాళ్లు పడవని చూశారు. ఒకాయన చెయ్యేసి నిమిరాడు. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తి చూపించారు. రంపంవాళ్లు ఎవరూ చెప్పకుండానే సామాను సర్దుకున్నారు. వైకుంఠరావు తల గోక్కుని, "ఇంతమంది సూసినాక ఎలా కోయించను? మీరే తీసుకుపోండి దిదీ. షెడ్డు కాళీ అయితే నాకదే సాలు" అన్నాడు.

అలా వచ్చిందిరా మనకి. ఫోను పొరపాటు పడకపోతే ఈ పాటికి ఆ పడవ మీద ఎవరో పడుకుని గురక పెడుతుండేవాళ్లు.

రెండో ప్రశ్న, పడవలు కట్టేవాడివి కదా, అడుగున సీసం ఉందా అని అడిగావు. ఉంది. నువ్వు చెప్పినట్టే వెన్నుదూలం కింద పొడుగునా దిమ్మలా ఉంది. పడవ నిటారుగా నిలబడాలని షెడ్డులో గొయ్యి తీసి అది అందులోకి దించారు. మట్టిలో కూరుకుపోయి ఉండబట్టి పాత ఇనుము వాళ్ల కంట పడలేదు. తెరచాప కొయ్య సంగతి కూడా అడిగావు. అది పోయిందనే అనుకున్నాను. షెడ్డు విప్పుతుంటే పైన నడిమి దూలం నున్నగా, పోనుపోనూ సన్నగా కనిపించింది. ఇంటి దూలాన్ని అలా చెక్కేదెవరు? అన్నేళ్లూ పడవ తన కొయ్య కిందే పడుకుని ఉందన్నమాట.

మూడోది, ఒంపు కొలిచి పంపమన్నావు. ముందు ముక్కు నుంచి వెనక కొస దాకా దారం బిగించి కట్టి, పక్కటెముక పక్కటెముకకీ దారం నుంచి అంచు ఎంత కిందికి దిగిందో కొలిచాను. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. వృత్తం కాదు, పారాబొలా కాదు, నాకు తెలిసిన ఏ సూత్రానికీ లొంగలేదు. ఆ రోజుల్లో సన్నని కర్రబద్దని వంచి, అది కదలకుండా సీసం గుండ్లు పెట్టి గీసేవారని నువ్వు రాశావు కదా. మన వంటింటి పాత తూకపు రాళ్లూ, చీల్చిన వెదురుబద్దా తీసుకుని నేల మీద కూర్చుని వంచాను. బద్ద తనంతట తాను ఒంగింది, చుక్కలన్నీ దాని కిందికి వచ్చేశాయి. ఒక్క చుక్క పక్కకి పోలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మీ నాన్న వచ్చి, "ఏటయిందే, నడుం పట్టేసిందేటి?" అన్నారు. అవునన్నాను. ఆ ఏడుపు ఆయనకి ఎలా చెప్పాలి?

నువ్వు రాసిన చరిత్ర మాత్రం ఆయనకి చదివి వినిపించాను. ఇలాంటి తెరచాప పడవల్ని పిలిచే యాట్ అన్న మాటకి డచ్చివాళ్ల భాషలో వేట అని అర్థమనీ, సముద్రపు దొంగల్ని తరమడానికి కట్టిన చురుకైన పడవలు రాజుల మనసుకి నచ్చి షికారు పడవలయ్యాయనీ. "అయితే డొంగాయే దొంగల్ని తరివిందన్నమాట" అని ఆయన ఒకటే నవ్వు. పందేల సంగతి నాకు ఇంకా బాగా నచ్చింది. పడవ పొడవుని నీటి అంచు దగ్గర కొలిచి తరగతి కట్టేవారనీ, అందుకని తెలివైనవాళ్లు నీటికి పైన ముందూ వెనకా సాగదీసి కట్టారనీ. నిలబడి ఉంటే పొట్టిది. గాలికి పక్కకి వాలితే ఆ సాగిన కొసలు కూడా నీళ్లని తాకి పొడుగవుతుంది, పొడుగైతే వేగం. నిబంధనకి దొరక్కుండా లెక్క చేసే పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంత అందంగా చేసినవాణ్ణి చూడలేదు. మీ యార్డులో మీరు పోసే ప్లాస్టిక్ తొట్లకి ఇలాంటి కథ ఒక్కటైనా ఉందా? కోప్పడకు, ఆట పట్టిస్తున్నాను.

ఇప్పుడే మళ్లీ రేవు దాకా వెళ్లొచ్చాను. చిన్నమ్మి నవ్వుతోంది. "దిదీ, అదెక్కడికీ ఎల్లిపోదు. కూకుని రాసుకోండి" అంటోంది.

ఇక నీ నాలుగో ప్రశ్న. ప్రశ్న కాదు, ఆజ్ఞ. "అమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ దాన్ని నీళ్లలో దించకండి. పందిరి కిందే ఉంచండి. పున్నమి వెళ్లాక లారీ వస్తుంది." మీ యజమాని ఫోటోలు చూసి మనసు పడ్డాడనీ, కొచ్చికి తెప్పించుకుని కొత్తదానిలా చేయిస్తాడనీ, ఆ పనంతా నీ చేతిలో పెడతాడనీ రాశావు. "ఇలాంటిది నా చేతికి మళ్లీ రాదమ్మా" అన్న వాక్యం కింద గీత కూడా గీశావు. ఫోన్లో నేను సరేనన్నాను. అబద్ధం ఆడలేదు, అప్పటికి ఆ మాట నిజమే.

కానీ షెడ్డు పడగొట్టాక పెట్టే చోటు లేక లారీలో ఇక్కడికి తెప్పించిన పడవ ఇసకలో కొబ్బరాకుల పందిరి కింద ఉంది. వచ్చింది కార్తీకం. నీకు తెలుసు కదా, ఒడియావాళ్ల కార్తీకం మనకంటే పక్షం ముందే మొదలవుతుంది, ఆ నెలంతా చాలామంది చేప ముట్టరు, వేటకి వెళ్లినా కొనేవాడుండడు. చిన్నమ్మి మొగుడు పోతయ్య, ఇంకో ముగ్గురు ఖాళీగా కూర్చుని దాని చుట్టూ తిరిగేవారు. ఒకడు పలకల సందుల్లో పాత లప్పం గీకాడు. ఇంకొకడు నూలు దూర్చాడు. నేను వద్దనలేదు. ఊరికే లారీ ఎక్కించే ముందు శుభ్రం చేస్తున్నాం అని నాకు నేను చెప్పుకున్నాను. బరంపురంలో షామియానాలు కుట్టే ఆయన చేత తెరచాప కుట్టించినప్పుడు కూడా అదే చెప్పుకున్నాను. చూస్తే నీకు నవ్వొస్తుంది, అలవాటు కొద్దీ అంచుకి షామియానా ఝాలరు కుట్టేశాడు.

నాగులచవితి నాడు నీళ్లలోకి దించాం. అదిగో, చెప్పేశాను. సముద్రంలో కాదు, బాహుదా నది సముద్రంలో కలిసే మొగలో, అలలు రాని చోట. ట్రాక్టరూ తాళ్లూ పట్టుకుని ఊరి మగవాళ్లంతా వచ్చారు.

దించే ముందు చిన్నమ్మి పసుపూ కుంకుమా కొబ్బరికాయా పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవ నీళ్లు తాకేముందు ముక్కుకి పసుపు రాస్తూ గంగమ్మకి పడవ ఎవరిదో చెప్పాలి. పేరు చెప్పని పడవని గంగమ్మ ఎరగదట. చిన్నమ్మి గట్టిగా అడిగింది, "ఎవులిది ఈ పడవ?"

అందరూ నా వైపు చూశారు. మా అబ్బాయిది అనాలి. కాకపోతే మీ యజమానిది అనాలి. నోరు తెరిచి ఆ మాటే అనబోయాను. "నాది" అన్నాను.

వినపడలేదని ఇంకోసారి అడిగింది. "నాదే! ఉమాదేవిది!" అని అరిచాను. క్లాసులో కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. మీ నాన్న దూరంగా ఎండలో గొడుగు వేసుకుని నిలబడ్డారు. గొడుగు పక్కకి వంచి నన్ను చూశారు.

పసుపు రాశాను. తోశారు. పడవ తేలింది, అందరూ కేకలేశారు, అంతలోనే మునగడం మొదలెట్టింది. అన్నేళ్లు ఎండిన చెక్క కదా, ప్రతి సందులోంచీ నీళ్లే. లోపలి బల్లల దాకా వచ్చేశాయి. పోతయ్య తల పట్టుకుని "పోయింది దిదీ, లాగీమా?" అన్నాడు. కొయ్య తడిసి ఉబ్బితే సందులు పూడతాయని నువ్వే ఒకప్పుడు రాశావు. వద్దు, తాగనీ అన్నాను. అన్నాను గానీ, నాకేం నమ్మకం? రెండు రోజులు ఈ అరుగు మీదే ఉన్నాను. నీ చేతికి రావలసినదాన్ని నా దురద కొద్దీ ముంచేశాననుకున్నాను. మూడో నాడు నీళ్లు తోడి పోశారు. సాయంత్రం దాకా చూశాం. లోపల చెంబెడు నీళ్లు కూడా ఊరలేదు.

అప్పటినుంచీ రోజూ మొగలో తిప్పుతున్నాం. లైఫ్ జాకెట్ వేసుకుంటున్నాను, కంగారు పడకు. మొదట పోతయ్య చుక్కాని పట్టాడు, ఇప్పుడు నేనే పడుతున్నాను. తిన్నగా పోయినంతసేపూ బాగానే ఉంది. ఒక రోజు ఈశాన్యం గాలి ఒక్కసారి తోసింది. పడవ పక్కకి వాలిపోయింది, ఒక అంచు నీళ్లలోకి, ఇంకో అంచు ఆకాశంలోకి. చచ్చాననుకున్నాను. "వదిలీకండి దిదీ, పట్టుకోండి" అని పోతయ్య అరుస్తున్నాడు. పట్టుకున్నాను. అప్పుడు చెక్క కింద ఏదో మారింది. చప్పుడు మారింది. ఆ సాగదీసిన కొస నీళ్లని తాకిందిరా! పడవ పొడుగైంది. నువ్వు రాసిన లెక్క నా అరికాళ్లకి తెలిసింది. ఆ పరుగు! నువ్వు పుట్టినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. అప్పుడు నొప్పుల్లో ఏమీ తెలీలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఒడ్డుకొచ్చేసరికి మీ నాన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు, పంచె తడుపుకుని. నీళ్లంటే ఆయనకి ఎంత భయమో నీకు తెలుసు. తిడతారనుకున్నాను. "మరి ఆడికేటి సెప్తావే?" అన్నారు. ఆ రోజునుంచీ నాకు అదే ప్రశ్న. నిలబడితే అది, కూర్చుంటే అది. నాలుగుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను.

ఈసారి చింపను. ఈశ్వర్, లారీ పంపకు. పడవ ఇవ్వను.

నీ పని పెద్దదని తెలుసు. నీ చేతికి మళ్లీ రాదని రాశావు, అది చదివినప్పుడల్లా కాగితం మడిచేసి లేచి నడుస్తాను. కానీ నాకు మాత్రం మళ్లీ వస్తుందా? మీ యజమాని దాన్ని అద్దంలా చేయిస్తాడు, నిజమే. చేయించాక నన్ను ఎక్కనిస్తాడా? నేను అక్కడికొచ్చి తాడు అవతల నిలబడి, ఇది మా చికిటిది అని పక్కవాళ్లకి చెప్పుకోవాలి. నాకు చెప్పుకోవడం చాలదు. నడపాలి. ఇన్నాళ్లూ ఇంట్లో ఏదొచ్చినా నీకు పెట్టి మిగిలింది నేను తిన్నాను. అది నాకు కష్టం కాలేదు, ఇష్టంగానే చేశాను. దీన్ని మాత్రం నీకు పెట్టేస్తే నాకు మిగలడానికి ఏమీ ఉండదు.

మీ యజమానితో మా అమ్మ ఇవ్వనంది అని చెప్పు. అందులో నామోషీ ఏమీ లేదు. అతను నిన్నేమైనా అంటే ఆ బాధ నాది, ఒప్పుకుంటున్నాను. నువ్వు నాతో కొన్నాళ్లు మాట్లాడకపోయినా అది కూడా న్యాయమే. కీర్తి చేత రెండు ముక్కలు రాయించు, చాలు.

పున్నమి నాడు ఇక్కడ పడవల పండగ బొయిత బందాణకి పిల్లా పెద్దా అంతా అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదులుతారు. వాటి మధ్యన మెల్లగా ఒక్క చుట్టు తిప్పుతాను. మొగ దాటి సముద్రంలోకి పోవాలని రోజూ ప్రాణం కొట్టుకుంటోంది, పోతయ్య కూడా సరేనన్నాడు. అయినా నువ్వొచ్చేదాకా దాటను. ఇలాంటి పడవల సంగతి నీకంటే బాగా తెలిసినవాళ్లు మాలో ఎవరూ లేరు. ఎక్కడ బలహీనంగా ఉందో నువ్వు తట్టి చూసి చెప్పాలి. కోపం ఎంతుంటే అంత కోపంతోనే రా. వచ్చి తిట్టు, తిట్టాక పడవెక్కు. తాళ్లు నీకిస్తాను, తెరచాప నీకిస్తాను, ముందు ముక్కు దగ్గర మంచి చోటు కూడా నీదే. చుక్కాని మాత్రం ఇవ్వను.

ఇట్లు,
ఇవ్వనన్నా నీ అమ్మే,
ఉమాదేవి